బోలో టై: పాత వెండి, టర్కాయిస్, చిప్ప పని. ఇది అసలుదేనా? ఎలా చూసుకోవాలి?

చాండ్లర్_శ్రీను
మా టీమ్‌లో పెద్దాయన ఒకరు రిటైరయ్యారు. ఫేర్‌వెల్‌లో మేమిచ్చిన గిఫ్ట్ తీసుకుని, వెళ్లేముందు నా చేతిలో చిన్న డబ్బా ఒకటి పెట్టారు. తెరిస్తే బోలో టై. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: అల్లిన తోలు తాడు, రెండు కొసలకీ వెండి తొడుగులు, ఆ తాడు మీద పైకీ కిందకీ జరిగే వెండి బిళ్ల. టై బదులు కాలర్ కింద వేసుకుంటారు.

దీని బిళ్ల కోడిగుడ్డు ఆకారంలో దాదాపు మూడంగుళాలు ఉంది. మధ్యలో సూర్యుడి ముఖం. టర్కాయిస్ అనే నీలిరంగు రాయి, తెల్లటి ముత్యపు చిప్ప, ఏదో ఎర్రటిది, నల్లటిది, అన్నీ చిన్న చిన్న ముక్కలుగా కోసి పొదిగారు. ఆ పెద్దాయన నాన్నగారు 70ల్లో న్యూ మెక్సికోలోని గాలప్‌లో కొన్నారట. వెనక గీకినట్టు రెండు అక్షరాలు, క్లిప్ మీద 'బెన్నెట్' అని ఉన్నాయి. 925 అని గానీ స్టెర్లింగ్ అని గానీ (నూటికి 92.5 పాళ్లు వెండి అని చెప్పే ముద్రలు) ఎక్కడా లేదు.

మాల్‌లో ఒక నగల షాపువాడికి చూపిస్తే భూతద్దం కూడా తియ్యలేదు. "రాయి ప్లాస్టిక్కు, వెండి కరిగిస్తే వచ్చిందే లెక్క" అన్నాడు. కరిగించడమేంటో! అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నా ప్రశ్నలు: ఇది అసలుదేనా? వెండి నల్లబడింది, ఎలా తుడవాలి? వచ్చే నెల కజిన్ రిసెప్షన్‌కి వేసుకోవచ్చా?

డాలస్_బాబాయ్
మా ఆవిడకి చదివి వినిపించా. "పెళ్లయిన మగాడికి మెడలో తాడు కొత్తా?" అంది. నా వంతు సమాచారం అయిపోయింది, ఇక తెలిసినవాళ్లు మాట్లాడండి.

ఆల్బుకర్కీ_అమ్మలు
శ్రీను గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి అది జూనీల పనిలా ఉంది, అంటే అక్కడి ఒక నేటివ్ అమెరికన్ తెగ. సూర్యుడి ముఖం జూనీ పనివాళ్లు ఎక్కువగా చేసే బొమ్మ. జూనీ ఊరు న్యూ మెక్సికోలో, గాలప్‌కి దక్షిణంగా సుమారు 35 మైళ్లు. వాళ్ల సరుకు అమ్ముడుపోయే పెద్ద బజారు గాలప్పే, కాబట్టి ఆయన నాన్నగారి కథ కుదురుతోంది.

'బెన్నెట్' అనేది చేసినాయన పేరు కాదు. ఆ వెనక క్లిప్ తయారుచేసిన కంపెనీది. క్లిప్ కొనుక్కొచ్చి బిళ్లకి టంకం పెడతారు. పాత బోలోల్లో చాలావాటికి అదే ఉంటుంది. గీకిన అక్షరాలే పనివాళ్ల గుర్తు. మొగుడూ పెళ్లాం కలిసి పనిచేసి ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు వెయ్యడం జూనీలో మామూలే.

స్టెర్లింగ్ ముద్ర లేదని భయపడకండి. పాతవాటిలో చాలావాటికి ఉండదు. ముందూ వెనకా ఫొటోలు పెట్టండి, పక్కనుంచి కూడా ఒకటి.

అనుమానాలరావు
అమ్మలు గారు మరీ తొందరపడుతున్నారు. బెన్నెట్ క్లిప్ ఎవరైనా కొనుక్కోవచ్చు. గీకిన అక్షరాలు నేనూ గీకగలను. సూర్యుడి ముఖం మీద జూనీలకి పేటెంట్ ఏమీ లేదు. 2015లో ఫెడరల్ అధికారులు న్యూ మెక్సికోలో దాడులు చేశారు, గుర్తుందా? ఫిలిప్పీన్స్‌లో చేయించిన నగలు తెచ్చి జూనీ, నవాహో తెగల పని అని అమ్ముతుంటే పట్టుకున్నారు. వాటిలోనూ పొదుగుడు పని ఉంది, వాటి మీదా అక్షరాలున్నాయి.

ఆల్బుకర్కీ_అమ్మలు
ఒప్పుకుంటా. అందుకే ఫొటోలు అడిగింది.

కంసాలి_మనవడు
వెండి సంగతి తేల్చడం తేలిక. గీటురాయి మీద వెనకవైపు చిన్న గీత గీసి పరీక్ష చేయించండి, లేదా ఎక్స్‌రే మెషీన్ ఉన్న షాపుకి తీసుకెళ్లండి, వస్తువుకి ఏమీ కాదు. జర్మన్ సిల్వర్ అనేదాంట్లో వెండి ఒక్క రవ్వ ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే. అది నల్లబడే తీరు కూడా వేరు. మీది బొమ్మ అంచుల్లో, సందుల్లో నల్లగా, ఎత్తుగా ఉన్నచోట తెల్లగా ఉంటే వెండే అయ్యుండొచ్చు.

కరిగిస్తే వచ్చేదే లెక్క అన్నవాడి దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు. మా తాతయ్య వినుంటే వాడి చేత కొలిమి ఊదించేవాడు.

చాండ్లర్_శ్రీను
ఫొటోలు పెట్టాను, ఐదున్నాయి. పక్కనుంచి తీసినదాంట్లో రాళ్లకీ చిప్పలకీ మధ్య సన్నటి వెండి గీతలు కనిపిస్తున్నాయి. చెయ్యి పెట్టి తడిమితే పైభాగం అంతా ఒకే మట్టంగా నున్నగా ఉంది, ఎక్కడా గోరు తగలట్లేదు.

ఆల్బుకర్కీ_అమ్మలు
మూడో ఫొటో చూడండి అందరూ. ముక్కకీ ముక్కకీ మధ్య ఉన్న ఆ వెండి గీతలు పైన గీసినవి కాదు, నిలబెట్టిన సన్నటి రేకులు. ముందు వెండి పళ్లెం మీద బొమ్మ గీసుకుని, ఆ గీతల వెంట రేకుని అంచు మీద నిలబెట్టి టంకం పెడతారు. చిన్న చిన్న గదులు తయారవుతాయి. ఒక్కో గదికి సరిపోయేలా రాయినో చిప్పనో సానపట్టి, అంటించి, చివర్లో మొత్తాన్ని కలిపి అరగదీసి మెరుగు పెడతారు. దీన్నే చానెల్ ఇన్‌లే అంటారు. రేకు గోడలే లేకుండా రాయిని రాయి పక్కనే, వెంట్రుక కూడా దూరకుండా కూర్చే పద్ధతి ఇంకోటుంది. అది ఇంకా కష్టం.

ఇందులో పనితనం ఎక్కడుందంటే, టర్కాయిస్ గట్టిదనం మోస్ స్కేల్ మీద 5 నుంచి 6. ముత్యపు చిప్పది మూడున్నర అటూ ఇటూ. నల్లటిది జెట్, అంటే బొగ్గు జాతి, అది ఇంకా మెత్తన. మూడింటినీ ఒకే చక్రం మీద అరగదీస్తే మెత్తటిది ముందు అరిగిపోయి గుంట పడాలి. మీ బిళ్ల మీద గోరు తగలట్లేదన్నారు కదా, ఆ చెయ్యి సామాన్యమైంది కాదు. కళ్లు చూడండి, ఆవగింజంత నల్ల చుక్కలు. పెయింట్ కాదు, అవీ పొదిగినవే.

అనుమానాలరావు
జూమ్ చేసి చూశా. సరే, పని బాగుంది. చేసిందెవరో మాత్రం ఇంకా తేలలేదు.

తీరికరావు
బెంగళూరు ఆఫీస్‌లో కూర్చుని ఇది చదువుతున్నా. బయట సెర్చ్‌లో 'ఇండియన్ సిల్వర్ జ్యువెలరీ' అని కొడితే సగం మన పట్టీలు, సగం ఈ టర్కాయిస్ బిళ్లలు వచ్చాయి. కొలంబస్‌ని తిట్టుకున్నా. ఇంతకీ ఈ రాయికి మన నవరత్నాల్లో చోటుందా?

పాతబస్తీ_పోరడు
నవరత్నాల్లో లేదు భాయ్. కానీ మా దిక్కు ఫిరోజా అంటే తెలవనోళ్లు లేరు. మా నానా వేలికి ఫిరోజా ఉంగరం లేకుండ బయటికి పోయేటోడు కాదు. ఇరాన్‌లోని నిషాపూర్ రాయి అంటే ఆయనకి ప్రాణం. ఆకాశం రంగు ఉండాలె, ఒక్క గీత ఉండొద్దు. ఈ అమెరికా రాళ్ల మీద అంత నల్ల గీతలుంటయ్, పైకెళ్లి రెజిన్ తాపిస్తరంట. మా నానా చూస్తే ఇది ఫిరోజా కాదంటడు. గా షాపోడు ప్లాస్టిక్ అన్నది పూర్తిగ తప్పేం కాదేమో.

రాయిరప్ప
నేను జియాలజీ చదివి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మగ్గుతున్నవాణ్ణి, ఇలాంటి థ్రెడ్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

టర్కాయిస్ అంటే రాగి, అల్యూమినియం, ఫాస్ఫేట్, కొంత నీరు. రాగి ఎక్కువైతే నీలం, ఇనుము చేరితే ఆకుపచ్చ. ఎండ ప్రాంతాల్లో, రాగి ఖనిజం ఉన్నచోట, భూమి పైపొరల్లో పుడుతుంది. అందుకే అరిజోనాలో రాగి గనులున్న బిస్బీ, మొరెన్సీ, కింగ్‌మన్ పేర్లే టర్కాయిస్ పేర్లు కూడా. ఆ నల్ల, గోధుమ రంగు గీతలు రాయి ఏ రాతిలో పుట్టిందో దాని అవశేషం. ఇరాన్‌లో గీత లేనిదానికి విలువ ఎక్కువ, ఇక్కడ కొందరు సాలెగూడులాంటి గీతల కోసమే ఎక్కువ డబ్బు పెడతారు. అభిరుచి అంతే, ఇందులో ఎవరి నానా తప్పూ లేదు.

ఇక రెజిన్. తవ్వి తీసిన టర్కాయిస్‌లో చాలా భాగం సుద్దలా మెత్తగా ఉంటుంది, కొయ్యబోతే పొడైపోతుంది. దానికి ఒత్తిడితో రెజిన్ పట్టిస్తే గట్టిపడుతుంది. స్టెబిలైజ్డ్ అంటారు. రాయి అసలుదే, బలానికి మందు పట్టించారు. పొడినీ ముక్కల్నీ జిగురుతో ముద్ద చేస్తే అది వేరు సరుకు. హౌలైట్ అనే తెల్లరాయికి నీలం రంగు వేస్తే అది ఇంకో మోసం. అసలు రాయే లేకుండా పూర్తిగా ప్లాస్టిక్ దిమ్మ కోస్తే అది నాలుగోది. షాపువాడు ఈ నాలుగింటినీ ఒకే గంపలో వేశాడు.

శ్రీను గారూ, సూది కాల్చి గుచ్చమనీ, ఎసిటోన్ రాయమనీ ఎవరైనా చెప్తే వినకండి. రంగు వేసిన రాయైతే ఎసిటోన్‌కి రంగు వదులుతుంది, నిజమే. కానీ మీ దాంట్లో రాళ్లు అంటించి ఉన్నాయి, జిగురు కూడా వదిలేస్తుంది.

పాతబస్తీ_పోరడు
అన్నా నువ్వెంత చెప్పినా మందు తాపిన రాయికి అసలు రాయి రేటు ఇయ్యను.

రాయిరప్ప
ఇవ్వొద్దు. అమ్మేవాడు ముందే చెప్పాలి, రేటు తగ్గాలి, అంతే. జైపూర్ పచ్చలకి నూనె పట్టించరా? అవి మనం కొనట్లేదా?

అనుమానాలరావు
పోరడు చెప్పినదానికే నా ఓటు. ఒకటడుగుతా రాయిరప్ప గారూ, ఈ రాయి ఏ గనిదో ఫొటో చూసి చెప్పగలరా? బయట ఒక గ్రూపులో ఇలాంటిదానికి 'కచ్చితంగా స్లీపింగ్ బ్యూటీ' అని రాశారు.

రాయిరప్ప
చెప్పలేను, చెప్పేవాళ్లని నమ్మను. స్లీపింగ్ బ్యూటీ గని అరిజోనాలో గ్లోబ్ ఊరి దగ్గరుంది. గీతల్లేని లేత నీలం రాయికి పేరు, జూనీ పనివాళ్లకి అది చాలా ఇష్టం. 2012లో అక్కడ టర్కాయిస్ తియ్యడం ఆపేశాక రేటు పెరిగింది. అప్పట్నుంచి లేత నీలంగా కనిపించిన ప్రతిదానికీ ఆ పేరే తగిలిస్తున్నారు.

కోనసీమ_కోడలు
రాయి గురించి ఇంత కొట్టుకుంటున్నారు, చిప్ప గురించి ఒక్కరూ మాట్లాడరే. న్యూ మెక్సికోలో సముద్రం ఎక్కడుంది? ఎడారివాళ్లకి ఆల్చిప్పల పనేంటి?

ఆల్బుకర్కీ_అమ్మలు
కోడలమ్మా, మంచి ప్రశ్న. వెండి అక్కడికి కొత్తగా వచ్చింది గానీ చిప్ప కాదు. స్పెయిన్ వాళ్లు రాకముందు వందల ఏళ్ల నుంచే కాలిఫోర్నియా సింధుశాఖ నుంచి, పసిఫిక్ తీరం నుంచి కాలినడకన చేతులు మారుతూ చిప్పలు ఎడారి లోపలికి వచ్చేవి. దక్షిణ అరిజోనాలో ఉండిన హోహోకమ్ వాళ్లు చిప్పలతో గాజులే చేసుకున్నారు. చిప్ప మీద టర్కాయిస్ ముక్కలు అంటించి చేసిన పాత పతకాలు తవ్వకాల్లో దొరికాయి. అంటే రాయీ చిప్పా కలిపి పొదగడం అక్కడి పాత విద్య. వెండిపని మాత్రం 19వ శతాబ్దంలో నవాహోలు మెక్సికన్ పనివాళ్ల దగ్గర నేర్చుకున్నారు, వాళ్ల నుంచి జూనీలకి వచ్చింది. మొదట్లో వెండి నాణేలు కరిగించి చేసేవారు.

శ్రీను గారి బిళ్లలో తెల్లగా మెరిసేది ముత్యపు చిప్ప. ఆ ఎర్రటిది పగడం కాకపోవచ్చు. అందులో నారింజ రంగు చార కనిపిస్తోంది, కాబట్టి స్పైనీ ఆయిస్టర్ అనుకుంటున్నా, అంటే పైన ముళ్లుండే ఒక రకం చిప్ప, మెక్సికో తీరంలో దొరుకుతుంది. పగడమైతే మధ్యధరా సముద్రం నుంచి తెప్పించుకుంటారు.

నవాహోలకైతే నాలుగు దిక్కులకి నాలుగు ఉన్నాయి. తూర్పుకి తెల్ల చిప్ప, దక్షిణానికి టర్కాయిస్, పడమరకి అబలోనీ చిప్ప, ఉత్తరానికి జెట్. ఒక్కో దిక్కుకి ఒక్కో పవిత్ర పర్వతం. రంగులు బాగున్నాయని మాత్రమే కలిపినవి కావవి.

కోనసీమ_కోడలు
మా ఊళ్లో ఆల్చిప్పతో మామిడికాయ చెక్కు తీసేవాళ్లం. మేం కొంచెం మెరుగు పెట్టుంటే అంతర్వేది నుంచి ఎక్స్‌పోర్టే!

విజయ_విజయవాడ
వెండి తుడవడం గురించి ఎవరూ చెప్పలేదు. చింతపండు గుజ్జు పట్టించి పది నిమిషాలు ఉంచి తోమండి, తళతళలాడుతుంది. మా పూజ సామాన్లన్నీ అలాగే.

రాయిరప్ప
అమ్మా, ఆ ఒక్క పనీ చెయ్యొద్దని చెప్పండి!! చిప్ప అంటే కాల్షియం కార్బొనేట్. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏది తగిలినా కరుగుతుంది. ఒక్కసారికే మెరుపు పోయి సుద్దముక్కలా అయిపోతుంది, మళ్లీ రాదు. టర్కాయిస్‌కీ పులుపు మంచిది కాదు.

విజయ_విజయవాడ
మరి విభూతి? టూత్‌పేస్ట్?

కంసాలి_మనవడు
రాయీ చిప్పా లేని ఉత్త వెండి సామానైతే విభూతితో తుడవండి పిన్నిగారూ, ఎవరూ కాదనరు. పొదిగినదాని మీద వద్దు. పేస్ట్‌లో గరుకు పదార్థం ఉంటుంది, జెట్ మీద చారలు పడతాయి. షాపుల్లో దొరికే ముంచితీసే ద్రావకాలు అసలే వద్దు. అల్యూమినియం ఫాయిల్, సోడా, వేడినీళ్ల చిట్కా కూడా దీనికి పనికిరాదు.

మెత్తటి పొడిగుడ్డ చాలు. వెండి తుడిచే గుడ్డలు అమ్ముతారు, అది తెచ్చుకుని వెండి ఉన్నచోట మాత్రమే తుడవండి, రాళ్ల మీదికి వెళ్లకండి. సందుల్లో ఉన్న నలుపు వదిలెయ్యండి. అది కావాలని ఉంచేది, బొమ్మ ఎత్తుపల్లాలు దానివల్లే కనిపిస్తాయి. మా కరీంనగర్ ఫిలిగ్రీ తీగపని మీద కూడా మొత్తం తెల్లగా తోమేస్తే అందం పోతుంది.

ఆల్బుకర్కీ_అమ్మలు
దీనికి ఇంకోటి కలుపుతా. పాతకాలం పనివాళ్లు కొందరు రాయి అడుగున మెత్తగా ఉండటానికి రంపపు పొట్టు వేసేవాళ్లు, ముఖ్యంగా నవాహోల పెద్ద రాళ్ల నగల్లో. నీళ్లలో నానబెడితే ఆ పొట్టు ఉబ్బి రాయిని పైకి తోస్తుంది. మన దగ్గర లక్క పోసినట్టే అనుకోండి. కాబట్టి పాత నగ ఏదైనా నీళ్లలో ముంచొద్దు. నగలు కడిగే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో వేస్తే ఇక అంతే.

సెంటు కొట్టుకుని ఆరాక వేసుకోండి. టర్కాయిస్ నూనె, చెమట పీల్చుకుని పచ్చబడుతుంది.

డాలస్_బాబాయ్
రిసెప్షన్‌కి వేసుకోవచ్చా అన్న ప్రశ్నకి నేను అర్హుణ్ణి. టెక్సస్‌లో 2007 నుంచి ఇదే రాష్ట్ర అధికారిక టై. ఇక్కడ కోర్టుకి, చర్చికి, అంత్యక్రియలకి కూడా వేసుకొస్తారు. సూట్ మీద వేసుకుంటే మామూలు టైతో సమానం.

చాండ్లర్_శ్రీను
అరిజోనా ఇంకా ముందు బాబాయ్. 1971లోనే చేసేశారు. ఆఫీస్‌లో ఒకాయన గర్వంగా చెప్పాడు, దీన్ని కనిపెట్టింది కూడా మా వికెన్‌బర్గ్ ఊరివాడే అని.

తీరికరావు
ఆ కథ ఏంటి?

చాండ్లర్_శ్రీను
విక్టర్ సీడర్‌స్టాఫ్ అని వెండిపని చేసేవాడట. 1940ల చివర్లో గుర్రం మీద వెళ్తుంటే గాలికి టోపీ ఎగిరింది. టోపీ చుట్టూ ఉన్న వెండి కొనల పట్టీ పోతుందేమోనని మెడలో వేసుకున్నాడు. పక్కనున్నవాడు "టై బాగుందే" అన్నాడు. అక్కడి నుంచి ఐడియా వచ్చిందని చెప్తారు. జరిగే బిళ్లకి 1954లో పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టి 1959లో తెచ్చుకున్నాడు.

అనుమానాలరావు
నమ్మశక్యంగా లేదు. మెడలో తాడు వేసుకుని దానికి ముడి బదులు ఏదో బిళ్ల పెట్టుకోవడం అంతకుముందు ఎవరికీ తట్టలేదా? పేటెంట్ ఉన్నది ఆ క్లిప్ పద్ధతికి. టోపీ, గాలి, గుర్రం తర్వాత అతికించినట్టున్నాయి.

ఆల్బుకర్కీ_అమ్మలు
కథ ఎలా ఉన్నా, దాన్ని నగ చేసింది మాత్రం జూనీ, నవాహో, హోపీ పనివాళ్లు. అంతకుముందు వాళ్ల పనిలో గాజులు, హారాలు, బెల్టు బిళ్లలు ఎక్కువ. బోలో రావడంతో మగవాడి ఛాతీ మధ్యలో అరచేతిలో సగమంత ఖాళీ వెండి పలక దొరికింది. ఎవరి చెయ్యి తిరిగిన పని వాళ్లు దాని మీద చూపించారు. నవాహోల బోలోల్లో బరువైన వెండి, ఒకటే పెద్ద రాయి, చుట్టూ అచ్చులు కొట్టిన అంచు. హోపీలవి చాలావాటికి రాయే ఉండదు. రెండు వెండి రేకులు, పైదాంట్లో బొమ్మ కత్తిరించి కిందిదాని మీద అతికి, లోపల నల్లబరుస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన హోపీ సైనికులకి ఫ్రెడ్ కబోటీ, పాల్ సౌఫ్‌కీ నేర్పిన క్లాసుల్లో ఆ పద్ధతి పెరిగింది. జూనీలవి ఇదిగో శ్రీను గారిలాంటివి.

ఫీనిక్స్‌లో హెర్డ్ మ్యూజియం మీకు దగ్గరే కదా. అక్కడ బోలోల పెద్ద సేకరణ ఉంది. ఒకసారి వెళ్లి పాతవి కళ్లారా చూస్తే చేతిలో ఉన్నది మీకే అర్థమవుతుంది.

మేఘన_టెంపీ
నాకు ఒక ఇబ్బంది ఉంది, చెప్పకుండా ఉండలేను. ఇది వాళ్ల నమ్మకాలకి సంబంధించిన బొమ్మ. మనం రిసెప్షన్‌లో బిర్యానీ తింటూ వేసుకుని సెల్ఫీలు దిగడం సబబేనా? వినాయకుడి బొమ్మ చెప్పుల మీద వేస్తే మనం ఎంత గొడవ చేస్తాం.

డాలస్_బాబాయ్
చెప్పుల మీద కాదు కదమ్మా, గుండెల మీద వేసుకుంటున్నాడు.

మేఘన_టెంపీ
జోక్ కాదు బాబాయ్ గారూ.

ఆల్బుకర్కీ_అమ్మలు
మేఘనా, నీ ప్రశ్న సరైందే. పూజల్లో వాడేవి, బయటికి రాకూడనివి కొన్ని ఉన్నాయి, వాటిని వాళ్లు అమ్మరు, మనం కొనకూడదు. ఇది ఆ కోవ కాదు. ఈ సూర్యుడి ముఖాన్ని జూనీలు బయటివాళ్లకి అమ్మడానికే ఏళ్ల తరబడి చేస్తున్నారు. అక్కడ ఎన్నో ఇళ్లు ఈ పని మీదే నడుస్తాయి. శాంటా ఫేలో ప్యాలెస్ ఆఫ్ ది గవర్నర్స్ వరండాలో కూర్చుని అమ్మేవాళ్లని నేను ఈ మాటే అడిగాను. ఒకావిడ నవ్వి, "వేసుకోకపోతే ఎందుకు చేస్తాం?" అంది. వాళ్ల బాధ వేరే. వేరేదేశంలో మెషీన్ మీద చేసింది పక్క టేబుల్ మీద నాలుగో వంతు రేటుకి అమ్ముతుంటే, రెండు వారాలు కూర్చుని చేసిన బిళ్ల ఎవరు కొంటారు?

మేఘన_టెంపీ
దానికి చట్టం లేదా?

అనుమానాలరావు
ఉంది. 1990 ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ యాక్ట్. తెగలకి చెందనివాడు చేసినదాన్ని వాళ్ల పని అని అమ్మితే మొదటిసారికే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. దిగుమతి చేసిన ఈ తరహా నగల మీద ఏ దేశానిదో చెరగకుండా ముద్ర కొట్టాలని ఇంకో రూలు. ఆకురాయితో రెండు గీతలు గీస్తే ముద్ర పోతుంది. పట్టుబడేది ఎంతమంది?

కొనేవాళ్లకి ఒకటే చెప్తా. 'నేటివ్ స్టైల్', 'సౌత్‌వెస్ట్ స్టైల్' అని రాస్తే అది వాళ్ల పని కాదని అర్థం. చేసినవాళ్ల పేరు, తెగ, రాయికి ఏం చేశారు, ఇవన్నీ బిల్లు మీద రాసివ్వమనండి. ఇవ్వనంటే బయటికి నడవండి. 'ఓల్డ్ పాన్' (పాత తాకట్టు సరుకు) అని బోర్డు పెట్టిన ప్రతిదీ తాకట్టు నుంచి వచ్చిందని కూడా నమ్మకండి.

ఆల్బుకర్కీ_అమ్మలు
ఈ పోస్టుకి పూర్తి మార్కులు అనుమానాలరావు గారూ. మీరు మా ఆల్బుకర్కీ వస్తే పప్పుచారు నాది.

అనుమానాలరావు
ఏ కంది పప్పు?

పాతబస్తీ_పోరడు
😂😂 పప్పుకి కూడా బిల్లు మీద రాసియ్యాలె అక్కా.

చాండ్లర్_శ్రీను
అప్‌డేట్. కంసాలి_మనవడు చెప్పినట్టు ఎక్స్‌రే పరీక్ష చేయించా. వెండి శాతం 92 చిల్లర వచ్చింది, అంటే స్టెర్లింగే. క్లిప్ మాత్రం వెండి కాదు. తర్వాత హెర్డ్‌కి వెళ్లాను. మ్యూజియంవాళ్లు విలువ కట్టరు గానీ, ఈ అక్షరాల జాబితాలు ఎక్కడ వెతకాలో చెప్పారు. అవే రెండు అక్షరాలు వాడిన జూనీ పనివాళ్లు ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి పేరు కచ్చితంగా తేలలేదు. గ్యాలరీలో అద్దం వెనక ఉన్న బోలోలు చూస్తుంటే టైమ్ తెలియలేదు. ఒకదాని మీద ఈకలు ఒక్కొక్కటీ విడివిడిగా కోసి పొదిగారు, బియ్యపుగింజ కంటే సన్నగా ఉన్నాయి.

ఇన్సూరెన్స్ కోసం రేటు ఎంత వేసుకోవాలో ఎవరైనా చెప్తారా?

అనుమానాలరావు
పేరు తేలకపోతే రేటు సగమే.

కంసాలి_మనవడు
వెండి బరువుతో మాత్రం లెక్క కట్టొద్దు. అందులో వెండి ధర చాలా తక్కువ భాగం.

ఆల్బుకర్కీ_అమ్మలు
గాలప్‌లోనో శాంటా ఫేలోనో పాత నగలకి రాతపూర్వకంగా విలువ కట్టే అప్రైజర్లు ఉంటారు, ఫీజు తీసుకుంటారు. విలువ కట్టేవాళ్లూ కొనేవాళ్లూ ఒకరే అయితే వద్దు. పేరు తేలకపోయినా సరే, మీకు ఇచ్చిన పెద్దాయన దగ్గర వాళ్ల నాన్నగారు ఏ సంవత్సరం, ఏ కొట్లో కొన్నారో రాయించుకుని డబ్బాలో పెట్టండి. పాత ఫొటోలో ఆయన మెడలో ఇది ఉంటే ఆ కాపీ కూడా అడగండి. రేపు ఎవరి చేతికి వెళ్లినా ఆ కాగితం బిళ్లతోపాటు వెళ్లాలి.

చాండ్లర్_శ్రీను
ఇది నాకు తట్టలేదు. ఇవాళే ఫోన్ చేస్తా.

విజయ_విజయవాడ
నాకు ఇంకో అనుమానం. తాడు తోలుది కదా, ఎండిపోయి బిరుసెక్కితే? మా అబ్బాయి ఎప్పుడో కొన్నదాని తాడు పగిలిపోయింది, పారేద్దామంటున్నాడు.

కంసాలి_మనవడు
పారెయ్యడమెందుకు పిన్నిగారూ. తాడు మార్చుకోవచ్చు, అల్లిన తోలు తాడు విడిగా దొరుకుతుంది. కొసల తొడుగులు వెండివైతే వాటిని జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానికి ఎక్కించమనండి, పాతవి పోగొట్టొద్దు. క్లిప్ సన్నగా ఉంటే మరీ లావు తాడు పట్టదు, కొనేముందు మందం కొలుచుకోవాలి. పగలకముందైతే తోలుకి రాసే కండిషనర్ కొంచెం గుడ్డతో పట్టించి ఆరబెట్టండి. బిళ్ల తీసేశాకే సుమా, అది రాయికి తగలకూడదు.

విజయ_విజయవాడ
కొబ్బరినూనె రాయొచ్చా?

రాయిరప్ప
పిన్నిగారూ!!

డాలస్_బాబాయ్
శ్రీనూ, రిసెప్షన్ ఎప్పుడన్నావ్? బోలో మీద రసం పడకుండా చూసుకో, అందులోనూ చింతపండే.